కలిసి గెలిచినవాళ్లు మూడేళ్లలో ఎలా విడిపోయారు? బెర్లిన్ లెక్కలతో ఒక జవాబు

ప్రశ్న: "హిట్లర్ మీద కలిసి పోరాడిన అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మూడేళ్లు తిరిగేసరికి శత్రువులెందుకయ్యాయి? సిద్ధాంతాల తేడా ఒక్కటే కారణమా? బెర్లిన్ దిగ్బంధం గురించి చదివినప్పుడల్లా నోట్ల మార్పిడి ప్రస్తావన వస్తుంది, దానికంత ప్రాముఖ్యం ఎందుకు?"

సిద్ధాంతాల తేడా 1917 నుంచీ ఉన్నదే. ఆ తేడా ఉండగానే 1941లో చేతులు కలిపారు, ఆ తేడాతోనే 1945లో గెలిచారు. అందుకని 1945కీ 1948కీ మధ్య కొత్తగా వచ్చి పడిందేమిటో వెతకాలి. నా లెక్కలో అది, ఓడిపోయిన జర్మనీని ఫ్రాన్స్‌తో కలిపి నలుగురూ నాలుగు జోన్లుగా (ఆక్రమణ ప్రాంతాలుగా) పంచుకుని, కలిసి నడపాల్సి రావడం. బొగ్గు ఎవరికి, యంత్రాలు ఎవరికి, జర్మన్ల తిండి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, నోట్లు ఎవరు అచ్చేయాలి? వీటిలో ఒక్కదానికీ నలుగురికీ ఒప్పుదల కుదరలేదు. గ్రీస్, పోలెండ్, ఇరాన్ తగాదాలు కూడా ఉన్నాయి, కాదనను. కానీ విరిగింది జర్మనీ దగ్గరే.

ముందు నష్టపరిహారం సంగతి. యుద్ధంలో సోవియట్ యూనియన్ సుమారు 2.7 కోట్ల మందిని పోగొట్టుకుంది. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో వాళ్లు జర్మనీ నుంచి మొత్తం 2,000 కోట్ల డాలర్లు రాబట్టాలనీ, అందులో సగం తమకు రావాలనీ అడిగారు. జులై, ఆగస్టుల్లో పోట్స్‌డామ్‌లో తేలింది వేరు. ఎవరి జోన్ నుంచి వాళ్లు తీసుకోవాలి. పడమటి జోన్లలో అవసరానికి మించిన యంత్రాల్లో 10 శాతం సోవియట్లకు ఊరికే ఇస్తారు, ఇంకో 15 శాతం తిండిగింజలు, బొగ్గు లాంటివి బదులిస్తే ఇస్తారు. అయితే జర్మనీ మొత్తాన్ని ఒకే ఆర్థిక వ్యవస్థగా చూడాలని కూడా అదే ఒప్పందంలో రాసుకున్నారు. ఎవరి జోన్‌ను వాళ్లు ఊడ్చుకుంటూ నాలుగు జోన్లనూ ఒకే దేశంగా నడపడం అయ్యే పని కాదు. కాగితం మీదే ఉన్న ఈ వైరుధ్యాన్ని పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి గానీ, తర్వాతి తగువుల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది.

సోవియట్లు తమ జోన్‌లో ఫ్యాక్టరీలు విప్పుకెళ్లారు, జంట పట్టాలున్న రైలు మార్గాల్లో రెండో పట్టా కూడా పీక్కెళ్లారు. పంటభూములు ఎక్కువున్న ఆ జోన్ నుంచి పడమటికి గింజలు రావడం లేదు. బొగ్గున్న రూర్ ప్రాంతం బ్రిటన్ చేతిలో ఉంది, అక్కడి జనానికి తిండి మాత్రం లేదు. వాళ్ల కోసం బ్రిటన్ డాలర్లు పెట్టి గోధుమలు కొనాల్సి వచ్చింది. యుద్ధం నడిచినన్నాళ్లూ లేని రొట్టె రేషన్ 1946 జులైలో బ్రిటన్‌లో మొదలైందంటే వాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. అమెరికన్ జోన్‌కు ఉప సైనిక గవర్నర్‌గా ఉన్న లూషియస్ క్లే 1946 మేలో సోవియట్లకు వెళ్లే యంత్రాల తరలింపు ఆపేశాడు. ఖర్చు మోయలేక బ్రిటన్ తన జోన్‌ను 1947 జనవరి 1న అమెరికన్ జోన్‌తో కలిపేసింది. లండన్ కోణంలో చూస్తే అది ఖర్చు తగ్గించుకోవడం. మాస్కోకు మాత్రం తమను పక్కనపెట్టి కొత్త జర్మనీ కట్టడానికి వేసిన మొదటి రాయిలా కనబడింది. ఇద్దరి భయానికీ ఆధారం ఉంది.

తర్వాతి మెట్లు త్వరత్వరగా పడ్డాయి. గ్రీస్, టర్కీలకు ఇక సాయం చేయలేనని బ్రిటన్ చేతులెత్తేస్తే, 1947 మార్చి 12న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వాటి కోసం తమ కాంగ్రెస్‌ను 40 కోట్ల డాలర్లు అడిగాడు. జూన్ 5న యూరప్ పునర్నిర్మాణానికి అమెరికా సాయం చేసే మార్షల్ ప్రణాళిక ప్రకటన వచ్చింది, నాలుగేళ్లలో దాని కింద ఖర్చయింది సుమారు 1,300 కోట్ల డాలర్లు. దాని మీద జరిగిన పారిస్ చర్చల నుంచి సోవియట్ విదేశాంగ మంత్రి మొలోటోవ్ లేచి వెళ్లిపోయాడు. ముందు సరేనన్న చెకొస్లొవేకియా చేత మాస్కో వద్దనిపించింది. సెప్టెంబరులో యూరప్ కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి వేదిక కమిన్‌ఫార్మ్ పుట్టింది, ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందని సోవియట్ నేత జ్దానోవ్ అక్కడే చెప్పాడు. ఆ మాట తెలుగు నేల దాకా వచ్చింది. 1948 ఫిబ్రవరి, మార్చిల్లో కలకత్తాలో జరిగిన కమ్యూనిస్టు పార్టీ రెండో మహాసభ ఆ వరస అందుకుని పి.సి. జోషి స్థానంలో బి.టి. రణదివేను ఎన్నుకుంది. 1951లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్‌లతో కలిసి మాస్కో వెళ్లి స్టాలిన్‌తో మాట్లాడారు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది అదే ఏడాది అక్టోబరులో.

ఇక నోట్ల సంగతి. దీన్ని అర్థం చేసుకుంటే బెర్లిన్ కథ సగం అర్థమైనట్టే.

యుద్ధం ముగిసేసరికి జర్మనీలో పాత డబ్బు, అంటే రైష్‌మార్కులు, గుట్టలుగా ఉన్నాయి, సరుకు లేదు. పైగా ఆక్రమణ సైన్యాల కోసం ముద్రించిన మార్కుల అచ్చుపలకల నకళ్లు అమెరికా 1944లోనే సోవియట్లకు ఇచ్చింది. వాళ్లెన్ని వేసుకున్నారో మిగతావాళ్ల అదుపులో లేదు. ధరలు పాత రేట్ల దగ్గరే బిగించి ఉండడంతో ఎవరూ సరుకు బయట పెట్టేవారు కాదు. జనం సిగరెట్లతో బేరాలాడుకునేవారు. కొత్త నోట్లు రావాల్సిందేనని నలుగురికీ తెలుసు. ఎక్కడ అచ్చేయాలి, ఎవరి పర్యవేక్షణలో అన్నదాని మీద రెండేళ్లు వాదన సాగింది. 1948 మార్చి 20న సోవియట్ ప్రతినిధి సొకొలోవ్‌స్కీ నాలుగు దేశాల నియంత్రణ మండలి నుంచి లేచిపోవడంతో ఆ వాదన కూడా ముగిసింది.

అమెరికాలో అచ్చైన నోట్లు అప్పటికే పెట్టెల్లో రహస్యంగా వచ్చి ఉన్నాయి. పడమటి జోన్లలో జూన్ 18 శుక్రవారం సాయంత్రం ప్రకటన, 20 ఆదివారం పంపిణీ. మనిషికి 40 డాయిష్ మార్కులు అప్పటికప్పుడు, తర్వాత ఇంకో 20. మన 2016 నోట్ల రద్దుతో పోల్చుకోవద్దు. 2016లో బ్యాంకులో వేసుకున్న డబ్బు విలువ అలాగే నిలిచింది. జర్మనీలో పొదుపు సొమ్ము ముందు పదోవంతుకు పడి, చివరికి వంద మార్కులకు ఆరున్నరే మిగిలింది. భూమి, ఇల్లు, సరుకు ఉన్నవాడు గట్టెక్కాడు, బ్యాంకు పుస్తకాన్ని నమ్ముకున్నవాడు మునిగాడు. అదే సమయంలో పడమటి జోన్ల ఆర్థిక వ్యవహారాలు చూసే లుడ్విగ్ ఎర్హార్డ్ చాలా వస్తువుల మీద ధరల కట్టడి ఎత్తేశాడు. సోమవారం పొద్దున దుకాణాల అద్దాల వెనక సరుకు ప్రత్యక్షమైంది.

సోవియట్లకు ఎక్కడ గుచ్చుకుందో చూడండి. పడమట చెల్లకుండా పోయిన రైష్‌మార్కు వాళ్ల జోన్‌లో ఇంకా చెల్లుతోంది. పాత నోట్ల వరద అటే పారుతుంది, ఉన్న కాస్త సరుకునూ కొనేస్తుంది. అందుకే రాకపోకల మీద తక్షణం ఆంక్షలు పెట్టారు. ఇందులో మొండితనం మాత్రమే లేదు, అవసరం కూడా ఉంది. కొత్త నోట్లు సిద్ధంగా లేక, పాత నోట్ల మీదే చిన్న కాగితపు ముక్కలంటించి జూన్ 23న తమ మార్పిడి ప్రకటించారు. జనం వాటిని వాల్‌పేపర్ మార్కులన్నారు. ఆ డబ్బు బెర్లిన్ మొత్తానికీ వర్తిస్తుందని సోవియట్లు ఆదేశించారు. బెర్లిన్ నగరాన్ని కూడా నలుగురూ సెక్టార్లుగా పంచుకున్నారు కదా, పడమటివాళ్లు ఒప్పుకోక, బి అన్న ముద్ర వేసిన డాయిష్ మార్కులను తమ మూడు సెక్టార్లలోకి తెచ్చారు. ఒకే ఊళ్లో రెండు డబ్బులు. జూన్ 24 తెల్లవారేసరికి పడమటి నుంచి బెర్లిన్‌కు వచ్చే రోడ్డు, రైలు, కాలువ అన్నీ మూతపడ్డాయి. ఇదే బెర్లిన్ దిగ్బంధం. తూర్పు నుంచి వచ్చే కరెంటు కూడా ఆగింది.

చాలామంది తడబడే చోటు ఒకటుంది. దిగ్బంధం వేరు, బెర్లిన్ గోడ వేరు. గోడ 1961లో వచ్చింది. 1948లో ఊరి లోపల తూర్పుకీ పడమరకీ మనుషులు నడిచి తిరిగేవారు, తూర్పు పల్లెలకు వెళ్లి దుంపలు తెచ్చుకునేవారు. మూసింది పడమటి జర్మనీ నుంచి బెర్లిన్‌కు వచ్చే దారిని. బెర్లిన్ సోవియట్ జోన్ లోపల 160 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్ కంటే కాస్త ఎక్కువ. ఆ రోడ్లూ రైళ్లూ వాడుకునే హక్కు మీద పడమటివాళ్లకు రాతపూర్వక ఒప్పందం లేదు, 1945లో నోటిమాట మీద సరిపెట్టుకున్నారు. ఆకాశానికి మాత్రం కాగితం ఉంది. 1945 నవంబర్ 30న నలుగురూ ఒప్పుకున్న మూడు దారులు, ఒక్కోటీ 32 కిలోమీటర్ల వెడల్పు. ఈ విమానాలను కూల్చాలంటే తాము సంతకం పెట్టిన కాగితాన్ని చించి యుద్ధానికి దిగాలి. దిగ్బంధం నడిచినన్నాళ్లూ బెర్లిన్ విమాన భద్రతా కేంద్రంలో సోవియట్ అధికారి తన కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

పడమటి సెక్టార్లలో 20 లక్షలకు పైగా జనం. నిల్వలు చూస్తే తిండి 36 రోజులకు, బొగ్గు 45 రోజులకు. రోజుకు 1,534 టన్నుల తిండి, 3,475 టన్నుల బొగ్గు, ఇతర ఇంధనం కావాలని లెక్క వేశారు. తిండిలో గోధుమలు, పిండి 646 టన్నులు, ఎండబెట్టిన బంగాళదుంప 180, చక్కెర 180, ఉప్పు 38, పసిపిల్లలకు పాలు 5. పచ్చి దుంప మోస్తే బరువులో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఎండు దుంప. బొగ్గును మాత్రం ఎండబెట్టలేరు, మొత్తం మోతలో సుమారు మూడింట రెండు వంతులు అదే.

జూన్ 26న విమానాల్లో సరుకు మోయడం మొదలైనప్పుడు అమెరికన్ల దగ్గర ఎక్కువగా ఉన్నవి సీ-47 విమానాలు, ఒక్కోటి మోసేది మూడు టన్నుల పైచిలుకు. వాటితో కనీస లక్ష్యంగా రోజుకు 4,500 టన్నులు తేవాలన్నా సుమారు 1,400 సార్లు దిగాలి. పది టన్నులు మోసే సీ-54తో 450 సార్లు చాలు. మూడు నిమిషాలకొకటి దిగితే 24 గంటల్లో 480. లెక్క ఇక్కడ కుదిరింది. రెండు రకాలను ఒకే వరసలో నడిపితే వేగాల తేడాతో మధ్య ఎడం చెడిపోతుంది. పైగా సీ-47 తోక నేలకు వాలి ఉంటుంది కాబట్టి నేల ఏటవాలుగా ఉండి బస్తాలు ఎక్కించడం కష్టం. అందుకే అమెరికన్లు కొన్ని నెలల్లోనే వాటిని పక్కన పెట్టేశారు.

ఈ క్రమం నేర్పింది విలియం టన్నర్. యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన విమాన దళాన్ని నడిపినవాడు. జులై చివర్లో వచ్చాడు. ఆగస్టు 13న మబ్బు నేలకంటినట్టు దిగినప్పుడు బెర్లిన్‌లోని టెంపుల్‌హోఫ్ విమానాశ్రయంలో ఒక విమానం రన్‌వే దాటి కాలిపోయింది, దాని వెనక మరోదాని టైర్లు పేలాయి, మూడోది అదుపు తప్పింది. పైన విమానాలు గుండ్రంగా తిరుగుతూ పోగుపడ్డాయి, వాటిలో టన్నరే ఉన్నాడు. అప్పటి నుంచి మొదటిసారి దిగడం కుదరకపోతే మళ్లీ ప్రయత్నించకూడదు, సరుకుతోనే వెనక్కి వెళ్లిపోవాలి. ఎండ కాసినా అందరూ పరికరాలు చూసుకునే నడపాలి. అమెరికన్ విమానాలు ఎక్కువగా దక్షిణ దారిలో, బ్రిటిష్‌వి ఉత్తర దారిలో రావాలి, తిరుగు ప్రయాణం అందరికీ మధ్య దారిలో. పైలట్ బెర్లిన్‌లో విమానం వదిలి వెళ్లకూడదు, టిఫిన్ బండే అతని దగ్గరకు వస్తుంది.

సరుకు కూడా ఇబ్బంది పెట్టింది. బొగ్గు పొడి కంట్రోలు తీగల్లో, విద్యుత్ కనెక్షన్లలో చేరేది. ఉప్పు లోహాన్ని తినేస్తుంది కాబట్టి సముద్రం మీద దిగడానికి తయారైన సండర్‌లాండ్ విమానాలతో తెచ్చి హాఫెల్ సరస్సుల మీద దించారు. చలికాలం నీళ్లు గడ్డకట్టాక హాలిఫాక్స్ విమానాల పొట్ట కింద బుట్టలు కట్టి తెచ్చారు. ఫ్రెంచ్ సెక్టారులో టెగెల్ రన్‌వేను మూడు నెలల్లో లేపారు. కంకరకు బదులు బాంబులు పడి కూలిన ఇళ్ల ఇటుకలు. వేల మంది కూలీల్లో దాదాపు సగం మంది ఆడవాళ్లు. బెర్లిన్ నిలిచిందంటే వాళ్ల పేరు పైలట్ల పక్కనే చెప్పాలి.

1949 ఏప్రిల్ 15, 16 తేదీల్లో ఒక్క 24 గంటల్లో 1,398 విమానాలు, 12,941 టన్నులు. అప్పటికి ఫలితం తేలిపోయింది. పడమటివాళ్లు ఎదురు దిగ్బంధం పెట్టి రూర్ బొగ్గు, ఉక్కు ఆపేయడం సోవియట్ జోన్‌ను గట్టిగానే దెబ్బతీసింది. మన పుస్తకాల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. జనవరి చివర్లో దిగ్బంధం ఎత్తేయడానికి షరతులు చెబుతూ ఒక అమెరికన్ విలేకరికి ఇచ్చిన సమాధానంలో స్టాలిన్ కరెన్సీ మాటెత్తలేదు. అది కావాలని చేశారా అని అమెరికా ప్రతినిధి ఫిలిప్ జెస్సప్ ఐక్యరాజ్యసమితిలో సోవియట్ ప్రతినిధి యాకోవ్ మాలిక్‌ను అడిగాడు. కావాలనేనని నెల తర్వాత జవాబొచ్చింది.

1949 మే 12న దారులు తెరుచుకున్నాయి. ఏప్రిల్ 4న నాటో ఒప్పందంపై సంతకాలయ్యాయి, మే 23న పశ్చిమ జర్మనీ, అక్టోబర్ 7న తూర్పు జర్మనీ ఏర్పడ్డాయి. పశ్చిమ జర్మన్ రాజ్యాన్ని ఆపడానికి పెట్టిన దిగ్బంధం దాన్నే త్వరపెట్టింది. మళ్లీ మూస్తారేమోనన్న అనుమానంతో విమానాలు సెప్టెంబర్ 30 దాకా తిరిగి నిల్వలు పెంచాయి. మొత్తం 2,78,228 ప్రయాణాలు, 23 లక్షల టన్నులకు పైగా సరుకు, ప్రమాదాల్లో పోయినవాళ్లు 101 మంది. 1945లో రాయించుకోని ఆ రోడ్ల రాకపోకల కాగితం మీద నాలుగు దేశాలూ సంతకం పెట్టింది 1971 సెప్టెంబర్ 3న.