యూటా ట్రిప్‌కి ఏ పాస్ కొనాలి? – సమాధానం

ఒకే కారులో ఐదుగురు, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఐదు నేషనల్ పార్కులు, నాన్నగారికి 64, అమ్మగారికి 60, ఇద్దరికీ గ్రీన్ కార్డు అన్నారు. అలాగైతే మీ పేరున 80 డాలర్ల యాన్యువల్ పాస్ వద్దు, నాన్నగారి పేరున సీనియర్ పాస్ తీసుకోండి. 62 నిండిన పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ అది ఏడాదికి 20, జీవితకాలానికి 80 డాలర్లు. పాస్ లేకుండా పార్కు పార్కుకీ విడివిడిగా కడితే కారుకు జయాన్, బ్రైస్‌లకు 35 చొప్పున, ఆర్చెస్, క్యానియన్‌లాండ్స్‌కు 30 చొప్పున, క్యాపిటల్ రీఫ్‌కు 20, అంతా కలిపి 150 అవుతుంది.

20 డాలర్ల ఏడాది సీనియర్ పాసే చాలు. అలాంటివి నాలుగు పోగైతే వాటినిచ్చి లైఫ్‌టైమ్ పాస్‌కి మార్చుకోవచ్చు, డబ్బేమీ పోదు. పోస్టులో తెప్పించుకుంటే అదనపు ఛార్జీ పడుతుంది కాబట్టి మొదటి పార్కు గేటు దగ్గరే కొనండి. నాన్నగారి వయసుకు రుజువు, గ్రీన్ కార్డు చూపాలి. చాలా గేట్లలో నగదు తీసుకోరు, బ్యాంకు కార్డు ఉంచుకోండి.

అందరూ పొరబడేది ఇక్కడే: పాస్ ఎవరిదో వాళ్లు కారులో ఉండాలి. నాన్నగారు అలసిపోయి హోటల్లో పడుకుంటే, ఆయన పాస్ పట్టుకెళ్లి మీరు గేటు దాటలేరు. రెండో కారు వస్తే దానికి వేరే టికెట్టే.

డెడ్ హార్స్ పాయింట్ యూటా రాష్ట్రం నడిపే స్టేట్ పార్కు, మాన్యుమెంట్ వ్యాలీ ఏమో నవాహో తెగవాళ్లది; రెండుచోట్లా ఈ పాస్ చెల్లదు. జయాన్‌లోని ఏంజెల్స్ ల్యాండింగ్ కొండ ఎక్కాలంటే పర్మిట్ లాటరీ వేరు.