అమ్మాయి పైలట్ అవుతానంటోంది, వాళ్లమ్మకు ల్యాండింగ్ భయం

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాం. 2022 డిసెంబరులో కొరిశపాడు హైవే మీద వాయుసేన విమానాల ట్రయల్ రన్ చూసినప్పటి నుంచి మా అమ్మాయి పైలట్ అవుతానంటోంది. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ట్రైనింగ్ విమానం రన్‌వే దాటి పొలాల్లోకి దూసుకెళ్లిందని టీవీలో వస్తే వాళ్లమ్మ ఆ పూట అన్నం ముట్టదు. సౌందర్య గారిని తలుచుకుని ఏడుస్తుంది. పంపమంటారా?

జవాబు: ఆ తల్లి భయాన్ని కొట్టిపారేయకండి, కానీ ఒక సంగతి చెప్పండి. సౌందర్య గారి సెస్నా 180 విమానం 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో గాల్లోకి లేచిన కాసేపటికే కూలింది. అది దిగేటప్పుడు జరిగింది కాదు. చిన్న విమానాలకు ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ల్యాండింగ్‌లోనే అన్నది నిజం. అయితే వాటిలో ప్రాణం మీదికి వచ్చేవి తక్కువ. శిక్షణకు బాగా వాడే సెస్నా 172 సుమారు 65 నాట్లతో, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదికి వస్తుంది. ఆ వేగానికి చాలాసార్లు ముందు చక్రం విరగడం, ప్రొపెల్లర్ వంగడంతో సరిపోతుంది. లోపలివాళ్లు తలుపు తీసుకుని నడిచి వస్తారు. అసలు భయపడాల్సింది రన్‌వేకి ముందు వచ్చే చివరి మలుపుకి. తిరగాల్సిన చోటు దాటిపోయిందని కంగారుపడి గట్టిగా తిప్పితే వేగం పడిపోయి రెక్కలు ఎత్తు నిలపలేవు. అంత కింద సర్దుకోవడానికి టైమ్ ఉండదు.

నేనొకసారి ఒక ఫ్లయింగ్ స్కూల్ కంచె దగ్గర సాయంత్రమంతా నిలబడి చూశాను. ఒక విమానం కాస్త వేగంగా వచ్చింది. చక్రాలు తాకాయి, మళ్లీ మనిషెత్తు ఎగిరింది. కొత్తవాళ్లు అప్పుడు కంట్రోల్‌ను ముందుకు నెట్టేస్తారు. దాంతో ముందు చక్రం మొదట నేలను కొడుతుంది, రెండో ఎగురు ఇంకా పెద్దదవుతుంది, మూడో దెబ్బకు విరుగుతుంది. ఆ కుర్రాడు నెట్టలేదు. ఇంజన్ మోత పెంచి పైకి లేచి, ఒక చుట్టు తిరిగొచ్చి చక్కగా దిగాడు. దీన్ని గో అరౌండ్ అంటారు. మీ అమ్మాయి చూసిన ట్రయల్ రన్‌లోనూ విమానాలు నేలను తాకకుండా కిందికొచ్చి మళ్లీ పైకి వెళ్లాయి కదా, అలాగన్నమాట.

అందుకే స్కూల్‌కి వెళ్లినప్పుడు బిల్డింగులు, యూనిఫాంలు చూడకండి. ఒక్కటే గట్టిగా అడగండి: పిల్లలు గో అరౌండ్ చేస్తే మీరేమంటారు? ఆ అదనపు టైమ్ ఖర్చు ఎవరిది? విసుక్కునే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర, గంట గంటకూ డబ్బు లెక్కపెట్టే చోట, పిల్లలు బాగా రాని ల్యాండింగ్‌నీ ఎలాగోలా ముగించేద్దామని చూస్తారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. పక్కగాలిలో దిగడం ఎంత ప్రాక్టీస్ చేయిస్తారో కూడా అడగండి. అది మీ జువ్వలదిన్నె పడవలవాళ్లకు తెలిసిన విద్యే. ప్రవాహానికి ఎదురు ముక్కు పెట్టి మొగలోకి వస్తారు చూడండి, విమానం కూడా గాలివైపు ముక్కు తిప్పుకుని వచ్చి, చివరి క్షణంలో రన్‌వేకి సూటిగా సర్దుకుంటుంది.

ఇక డబ్బు. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. ఖర్చు అర కోటి దాటొచ్చు, ఆ తర్వాత టైప్ రేటింగ్, అంటే ఒక రకం పెద్ద విమానం నడిపేందుకు తీసుకునే ప్రత్యేక అర్హత, దాని ఖర్చు వేరే. ముందు పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్షలు, క్లాస్ 2 మెడికల్, వెంటనే క్లాస్ 1 చేయించండి. అవి పాసయ్యేదాకా ఎవరికీ రూపాయి కట్టకండి. తర్వాత కూడా ఫీజు ఒకేసారి ఇవ్వొద్దు, ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కట్టండి. చెరువులన్నీ తాకట్టు పెట్టొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఒక్క పంట రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే ఈఎంఐ ఆగుతుంది, మధ్యలో ట్రైనింగ్ కూడా ఆగుతుంది. నెలల తరబడి ఎగరని చెయ్యి మొద్దుబారుతుంది. అది మొదట బయటపడేది ల్యాండింగ్‌లోనే.

విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, చూసుకోండి. విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఏఏఐబీ నివేదికలు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండు మూడు మీ అమ్మాయితో చదివించి, పైలట్ ఎక్కడ ఆగి ఉండాల్సిందో మీకు చెప్పమనండి. ఆమె చెప్పే తీరులోనే మీకు చాలా తెలుస్తుంది. స్కూల్ చూడటానికి వెళ్లేటప్పుడు వాళ్లమ్మనూ తీసుకెళ్లండి. గాలి వీచే సాయంత్రం ఒక గంట కంచె దగ్గర నిలబడనివ్వండి.