శాఖా గ్రంథాలయంలో నెలనెలా సామూహిక పఠనం: నాలుగేళ్ల అనుభవం నుంచి ఒక సమాధానం

మీ పట్టణంలోని శాఖా గ్రంథాలయానికి దినపత్రికలు చూసుకునే పెద్దలు, పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు తప్ప మరెవరూ రావడం లేదని, అందరూ కలిసి నెలకొక పుస్తకం చదివే కార్యక్రమం మొదలుపెట్టాలని ఉన్నా ఎక్కడ ప్రారంభించాలో తెలియడం లేదని మీరు రాశారు. ఇది విదేశాలలో నడిచే పద్ధతి కదా, మన చిన్న ఊళ్లలో నిలుస్తుందా అన్న సందేహం కూడా వెలిబుచ్చారు. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. బాపట్ల జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, అక్కడి గ్రంథపాలకురాలితో కలిసి నాలుగేళ్లుగా ఇటువంటి కార్యక్రమాన్నే నడుపుతున్నాను. కాబట్టి మాకు ఏది కుదిరిందో, ఏది కుదరలేదో చెబుతాను.

ముందుగా మేము చేసిన రెండు పొరపాట్లు చెప్పడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మొదటిసారి జాతీయ గ్రంథాలయ వారోత్సవాలలో, అంటే నవంబరు 14 నుంచి 20 లోపు, పఠన కార్యక్రమం ప్రారంభోత్సవం అంటూ సభ పెట్టాము. వేదిక వేశాము, అతిథులను పిలిచాము, శాలువలు కప్పాము. పుస్తకం గొప్పతనం గురించి గంటన్నర సేపు ఉపన్యాసాలు సాగాయి. హాలు నిండింది, అందరూ చప్పట్లు కొట్టారు, కానీ ఆ గంటన్నరలో ఎవరూ ఒక్క పేజీ కూడా చదవలేదు. మరునాడు జారీ రిజిస్టరు చూస్తే ఆ సభకు వచ్చినవారిలో ఒక్కరే పుస్తకం తీసుకున్నట్టు తేలింది.

రెండో పొరపాటు ఆ మరుసటి నెలలో జరిగింది. నాలుగు వందల పేజీలకు మించిన నవలను ఎంచుకుని, దానిని ఇంటి దగ్గర చదివి వస్తే చర్చించుకుందామని ప్రకటించాము. గ్రంథాలయంలో ఆ నవల ప్రతులు రెండే ఉన్నాయి. తొమ్మిది మంది వచ్చారు, వారిలో చదివినవారు ముగ్గురు. మిగిలిన ఆరుగురు తమకు చెప్పడానికి ఏమీ లేదన్న బిడియంతో తల వంచుకుని కూర్చున్నారు. వారిలో నలుగురు మళ్లీ చాలా నెలల వరకు మా దగ్గరకు రాలేదు. చదవలేదన్న తప్పు వారిది కాదు. రెండు ప్రతులు పెట్టుకుని ఊరంతటినీ చదివి రమ్మన్న తప్పు మాది.

అప్పటి నుంచి మేము ఒకే నియమం పెట్టుకున్నాము. ఇంటి దగ్గర చదివి రావలసిన అవసరం ఎవరికీ లేదు, చదవడమంతా గ్రంథాలయంలోనే, అందరి మధ్య, గొంతెత్తి జరుగుతుంది. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు కూర్చుంటాము. మా గ్రంథాలయానికి వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం తెరిచే ఉంటుంది. ఇరవై పేజీల లోపు కథను గానీ, నవలలో ఒక ప్రకరణాన్ని గానీ తీసుకుని, ఒకరి తరువాత ఒకరు పేజీ చొప్పున చదువుతాము. చదవడం ఇష్టం లేనివారు పుస్తకాన్ని పక్కవారికి అందించవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. కథ సుమారు మూడు వంతులు అయ్యాక ఒకసారి ఆపి, ముందు ఏమి జరుగుతుందని అనుకుంటున్నారో అడుగుతాము. ఆ తరువాత మిగతాది చదివి మాట్లాడుకుంటాము. మొత్తం గంటన్నర పడుతుంది. ఇంత చిన్న మార్పుతో కార్యక్రమం స్వభావమే మారిపోయింది.

ఎలా మారిందో ఒక సందర్భంతో చెబుతాను. కరువు రోజులలో ఎడ్లను సంతలో అమ్ముకున్న ఒక రైతు కథను ఆ రోజు చదువుతున్నాము. గ్రూపు పరీక్షలకు చదువుకునే ఒక అబ్బాయి తన వంతు పేజీ చదువుతూ, రైతు చేతిలో పలుపుతో ఇంటికి తిరిగి వచ్చాడన్న వాక్యం దగ్గర ఆగి, పలుపు అంటే ఏమిటని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే, పదకొండేళ్లుగా రోజూ ఉదయం పత్రికల కోసం మాత్రమే వచ్చి వెళ్లే ఒక పెద్దాయన తన కుర్చీని ముందుకు జరుపుకున్నారు. పలుపు అంటే పశువును కట్టే తాడని, తమ ఇంట్లో ఎడ్లను అమ్మినా పలుపును మాత్రం కొన్నవారికి ఇచ్చేవారు కాదని, అది ఇంట్లో ఉంటే ఆ కొట్టానికి మళ్లీ పశువు వస్తుందని తన తండ్రి నమ్మేవారని చెప్పారు. ఖాళీ పలుపు ఒకటి తమ కొట్టంలో ఏడేళ్లు వేలాడిందని కూడా అన్నారు. కథ చివర ఆ రైతు తాడును గూటానికి ఎందుకు కట్టి పెట్టాడో అప్పటి వరకు మాలో చాలామందికి అర్థం కాలేదు. ఎన్నోసార్లు తరగతిలో పాఠం చెప్పిన నాకూ అర్థం కాలేదు. ఆ కథ మీద ఆ రోజు మరో నలభై నిమిషాలు మాట్లాడుకున్నాము. పదకొండేళ్లలో ఒక్క పుస్తకమైనా ఇంటికి తీసుకువెళ్లని ఆ పెద్దాయన ఆ సాయంత్రమే సభ్యత్వ పత్రం నింపారు.

ఇంటి దగ్గర ఒంటరిగా చదివి వచ్చి ఉంటే ఆ అబ్బాయి ఆ మాటను దాటిపోయేవాడు, ఆ పెద్దాయన అసలు వచ్చేవారే కాదు. గొంతెత్తి చదవడంలో మరొక మేలు ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదివేవారు, చూపు మందగించినవారు, అసలు చదువు రానివారు కూడా అందరితో సమానంగా కూర్చోగలరు. మా దగ్గరకు ఒక అమ్మ తన మనవరాలిని తీసుకుని వస్తారు. ఆమెకు చదవడం రాదు, మనవరాలు ఆరో తరగతి. మొదటి కొన్ని నెలలు ఆమె గుమ్మం పక్కనే కూర్చునేవారు. ఇప్పుడు మనవరాలు ఎక్కడైనా తొందరగా చదివితే, కథ నడక పాడవుతోందని ఆపి మళ్లీ చదివిస్తున్నారు. అందుకే పఠన కార్యక్రమానికి చదువు వచ్చినవారే అర్హులన్న భావనను మనం ముందుగా వదులుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

విదేశీ పద్ధతి కదా అన్న మీ సందేహం దగ్గరకు వస్తాను. ఒక నగరమంతా ఒకే పుస్తకం చదవాలన్న కార్యక్రమానికి 1998లో అమెరికాలోని సియాటిల్ ప్రజా గ్రంథాలయం నుంచి ప్రచారం వచ్చిన మాట నిజమే, దానిని గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్ రూపొందించారు. అయితే గ్రంథాలయం అంటే పుస్తకాలను బీరువాలలో దాచే చోటు కాదని, పుస్తకం దగ్గరకు జనాన్ని, జనం దగ్గరకు పుస్తకాన్ని చేర్చే చోటని మన వాళ్లు అంతకు చాలా ముందే ఆచరించి చూపారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు ముందుండి నడిపించగా 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమంలో పల్లెల గ్రంథాలయాలు రాత్రి బడులు నడిపాయి, చదువు రానివారికి పత్రికలు చదివి వినిపించాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఒడ్డునున్న ఊళ్లకు పంపారు. పురాణ కాలక్షేపం పేరుతో ఒకరు చదువుతుంటే ఊరంతా విని, మధ్యలో ప్రశ్నలు వేసి, అర్థాలు చెప్పుకున్న అలవాటు అంతకంటే పాతది. కాబట్టి మీరు మొదలుపెట్టబోయేది ఈ నేలకు కొత్తది కాదు, కొంతకాలంగా ఆగిపోయినది. ఆ వారసత్వాన్ని కళ్లారా చూపాలని ఒక ఏడాది మా పాఠకులను వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకువెళ్లాము. 1918లో మొదలైన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడ భద్రపరిచిన పాత పత్రికల పుటలను చూసి మా పిల్లలు చాలాసేపు కదలలేదు. మీకు దగ్గరలో ఇటువంటి పాత గ్రంథాలయం ఏదైనా ఉంటే ఏడాదికి ఒక నెల కార్యక్రమాన్ని అక్కడ పెట్టుకోండి.

ఇక ప్రతుల విషయం. గొంతెత్తి చదివినా కనీసం ఐదారు ప్రతులుంటే వినేవారికి కంటితో అనుసరించే వీలు కలుగుతుంది. మేము నెల ముందుగానే పుస్తకాన్ని నిర్ణయించుకుని, పక్క ఊళ్ల శాఖలలో దాని ప్రతులు ఉన్నాయేమో గ్రంథపాలకురాలి ద్వారా తెలుసుకుని, జిల్లా గ్రంథాలయ సంస్థ అనుమతితో తెప్పించుకుంటాము. దాతలు పుస్తకాలు ఇస్తామంటే వారికి నచ్చినవి కాకుండా రాబోయే మూడు నెలల జాబితాలోని పుస్తకాలే ఇవ్వమని కోరుతాము. పుస్తకాన్ని మొత్తంగా జెరాక్స్ తీసి పంచే పని మాత్రం పెట్టుకోకండి. మన దేశంలో రచయిత మరణించాక 60 సంవత్సరాల వరకు రచనల మీద కాపీరైటు ఉంటుంది. ఆ గడువు దాటిన పాత రచనలకు ఆ అడ్డంకి లేదు కాబట్టి, డబ్బు లేని నెలలలో వాటినే ఎంచుకుంటాము. గడువు దాటిన కథలలో ఎంత మంచివి ఉన్నాయో ఈ వెతుకులాటలోనే నాకు తెలిసింది.

అనుమతుల గురించి ఎక్కువ భయపడనక్కరలేదు. గ్రంథపాలకుల ద్వారా జిల్లా సంస్థ కార్యదర్శికి ఒక లేఖ పెట్టి, నెలకు ఒక రోజు, ఫలానా సమయం, ఖర్చు లేదని స్పష్టంగా రాస్తే సాధారణంగా సరిపోతుంది. ఒక విషయం చాలామందికి తెలియదు, తెలిస్తే మీ మాటలో ధైర్యం వస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. అంటే ఆ హాలు, ఆ బల్లలు, ఆ పుస్తకాలు పట్టణ ప్రజల సొమ్ముతో ఏర్పడినవి. అయితే ఈ ధైర్యాన్ని గ్రంథపాలకుల మీద అధికారంగా చూపకండి. చాలా శాఖలలో ఒకే ఒక్కరు తాళం తీయడం నుంచి లెక్కలు రాయడం వరకు అన్నీ చేస్తున్నారు. కుర్చీలు సర్దడం, ప్రకటన రాసి గోడకు అంటించడం, చివర హాలు ఊడ్చడం మేమే చేస్తాము. మా గ్రంథపాలకురాలు ఆ గంటన్నర కథ వింటూ కూర్చోవాలన్నదే మా పట్టుదల.

పోటీ పరీక్షల విద్యార్థులతో మొదట్లో మాకు ఇబ్బంది వచ్చింది. మా చదువు వారి చదువుకు అడ్డం వస్తోందని వారు ఫిర్యాదు చేశారు, అది న్యాయమైన ఫిర్యాదే. మేము వరండాలోకి మారాము, వానాకాలంలో మాత్రం ముందుగా చెప్పి హాలు అడుగుతాము. కొన్నాళ్లకు విశ్రాంతి కోసం బయటకు వచ్చినవారు స్తంభాలకు ఆనుకుని వినడం, ఆ తరువాత కూర్చోవడం మొదలైంది. పలుపు అంటే ఏమిటని అడిగిన అబ్బాయి అలా వచ్చినవాడే. ఇప్పుడు మాలో అందరికంటే స్పష్టంగా చదివే గొంతు అతనిదే.

ప్రత్యేక దినాలను వాడుకోండి కానీ వాటికి లొంగిపోకండి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారి పుట్టినరోజు ఆగస్టు 12, తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29, వేసవిలో పిల్లల శిబిరాలు, ఇవన్నీ ఉంటాయి. ఆ రోజులలో మేము చేసేది కూడా చదవడమే, దండలు వేశాక ఉపన్యాసానికి బదులు ఆ సందర్భానికి తగిన పుటలు చదువుతాము. ప్రతి పాఠకునికి అతని పుస్తకం, ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు అని రంగనాథన్ గారు 1931లో చెప్పిన సూత్రాలను కాగితం మీద రాసి అంటించడం కంటే, బీరువాలో ఎన్నడూ కదలని పుస్తకాలలో ఒకదానిని తీసి ఆ రోజు చదివించడం ఆయనకు తగిన గౌరవమని మేము అనుకుంటాము. ఒకసారి అలా తీసిన పుస్తకాన్ని చివరిగా ఎవరో తీసుకుని పంతొమ్మిదేళ్లయింది. ఆ నెలలోనే అది నలుగురి ఇళ్లకు వెళ్లి వచ్చింది.

మాకు ఇప్పటికీ కుదరనిది ఒకటి ఉంది. పనికి వెళ్లే ఆడవారు ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు వదిలి రాలేకపోతున్నారు. ఉదయం పదింటికి మార్చి చూశాము, అప్పుడు అసలే ఎవరూ రాలేదు. ప్రస్తుతం ఇద్దరు పాఠకులు అదే నెల కథను వేరొక రోజు రాత్రి తమ వీధిలో ఒక అరుగు మీద చదివి వినిపిస్తున్నారు. అది నిలబడుతుందో లేదో మరో మూడు నాలుగు నెలలు గడిస్తే గానీ చెప్పలేను.

మీరు ఈ వారంలో చేయగల పని ఒకటి చెబుతాను. మీ గ్రంథపాలకులను అడిగి గత రెండేళ్ల జారీ రిజిస్టరును ఒక పూట కూర్చుని చూడండి. ఏ పుస్తకాలు ఎక్కువ మంది చేతులు మారాయో రాసుకుని, వాటిలో చిన్న కథల సంపుటాన్ని ఒకదానిని తీసి, ఇరవై పేజీలు మించని కథను మొదటి నెలకు పెట్టుకోండి. ఆ రోజు రమ్మని మొదటి పిలుపు పొద్దున్నే పత్రికల బల్ల దగ్గర కూర్చునే పెద్దలకు ఇవ్వండి. బల్ల చివర తెలుగు దినపత్రికను చివరి పుట వరకు వదలకుండా చదివే మనిషి ఎవరో ఒకరు తప్పక ఉంటారు. మొదటి పేజీ వారితోనే చదివించండి.