నోరు పూస్తే నోటిపూతేనా?

ప్రశ్న: నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పట్టిందని చూపించుకుంటే, నోట్లో ఈస్ట్ ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరు. దీన్ని తెలుగులో 'నోటిపూత' అంటే తప్పని ఇంట్లో వాదిస్తున్నారు. నిజమేనా?

సమాధానం: మీ ఇంట్లోవాళ్లదే ఒప్పు. చిక్కంతా 'పూయు' దగ్గరుంది. 'చెట్టు పూసింది' అన్నప్పుడు కర్మ అక్కర్లేదు. 'గోడకు సున్నం పూశాడు' అంటే సున్నం కర్మ. 'నోరు పూసింది'లో కర్మ లేదు కాబట్టి అది చెట్టు పూయడం లాంటిదే. పొక్కులు లేచి, పుండ్లయి, ఏం తిన్నా మంట. నోటిపూత అనగానే వినేవాళ్లకు తోచేది ఇదే. మీకు వచ్చింది సున్నం పూత బాపతు. 'తెల్లపూత' అనండి, సరిపోతుంది.

'పాచి' అని మాత్రం సరిపెట్టుకోవద్దు. పాచి గీస్తే పోతుంది, కింద నాలుక మామూలుగానే ఉంటుంది. తెల్లపూత విరిగిన పాల తునకల్లా అంటుకుంటుంది. గాజుగుడ్డతో తుడిస్తే ఊడి వస్తుంది గానీ కింద ఎర్రగా ఒరుసుకుపోయినట్టు ఉంటుంది, ఒక్కోసారి నెత్తురు చెమ్మ కూడా. ఎంత తుడిచినా రాని తెల్లమచ్చ అయితే వేరే సంగతి. దానికి పేరు వెతకడం మాని డాక్టరుకు చూపించాలి.

ఇంకో మాట. 'నోట్లో ఈస్ట్ ఉంది', 'నోట్లో ఈస్ట్ పట్టింది' ఒకటి కావు. ఏ జబ్బూ లేనివాళ్ల నోళ్లలోనూ అది ఉంటుంది. అందుకే కల్చర్‌లో, అంటే నోటి నుంచి తీసింది ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, పెరిగినంత మాత్రాన జబ్బని తేల్చరు. నోరు చూస్తారు, అనుమానముంటే కాస్త గీకి స్లైడు మీద పెట్టి, మైక్రోస్కోపులో దారప్పోగుల్లాంటివి కనిపిస్తాయేమో వెతుకుతారు. తుప్పు పట్టడం, బూజు పట్టడం లాగా ఇదీ అదను చూసి పట్టేదే: యాంటిబయాటిక్స్ వాడాక, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనప్పుడు, షుగరు అదుపు తప్పినప్పుడు, పసిపిల్లల్లో.

ఈ ఈస్ట్ శాస్త్రనామం కాండిడా ఆల్బికన్స్. లాటిన్‌లో రెండు మాటల్లోనూ తెలుపే, మన 'నడి మధ్య' లాగా. అంత చేసీ, కట్టుడు పళ్ల కింద పట్టినప్పుడు తెలుపే ఉండదు, ఉత్త ఎరుపు. అక్కడ 'తెల్లపూత' చెల్లదు, 'ఈస్ట్ పట్టింది' అనడమే మేలు.

పెదవులు కలిసే మూలలు చీరుకుపోవడానికీ ఒక్కోసారి ఈస్టే కారణం. ఆ మూలకు 'సెలవి' అని చక్కటి పాత మాట ఉంది. కానీ డాక్టరు దగ్గర 'సెలవులు పగిలాయి' అంటే ఏ సెలవులని అడుగుతారు. 'నోటి మూలలు పగిలాయి' అనండి.