మనవడి బొంత కుడుతుంటే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి... మానెయ్యాలా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నాకు 62 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. వచ్చే నెల మా అమ్మాయి కొడుకు మొదటి పుట్టినరోజు. బీరువాలో దాచిన నా పాత నూలు చీరలకు మా అమ్మ చీర ఒకటి కలిపి వాడికోసం చేత్తో బొంత కుడుతున్నాను. బేగంబజార్‌లో కొన్న గుండీలు, చిన్న అద్దాలు కూడా కుట్టాలని ఉంది. నెల రోజులుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. పక్షవాతమేమోనని టెన్షన్‌గా ఉంది. కుట్టడం మానెయ్యాలా?

జవాబు: అమ్మా, మానెయ్యాల్సిన అవసరం లేదు. మీరు రాసిన లక్షణాలు పక్షవాతానివిలా లేవు. పక్షవాతం ఉన్నట్టుండి వస్తుంది. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం కనిపిస్తాయి. అలా జరిగితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

మీ బాధ కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనిపిస్తోంది. మణికట్టు దగ్గర ఇరుకైన దారిలోంచి మీడియన్ నరం అరచేతిలోకి వెళుతుంది. అది నొక్కుకుపోతే సరిగ్గా మీరు చెప్పిన వేళ్లే తిమ్మిరెక్కుతాయి, చిటికెన వేలు బాగానే ఉంటుంది. నిద్రలో మణికట్టు మడతపడి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రాత్రిళ్లు ఎక్కువ. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లలో, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లలో ఇది తరచూ చూస్తాం. దానికితోడు నాలుగైదు పొరల గుడ్డలోంచి గంటల తరబడి సూది లాగుతున్నారు.

మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. రోజూ రాత్రి కట్టుకుని పడుకోండి, కనీసం ఆరు వారాలు. మొదటి వారంలోనే తేడా కనిపించలేదని తీసి పక్కన పెట్టకండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలతో పాటు విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గి తిమ్మిర్లు వస్తాయి. అంతమాత్రాన మాత్ర మీరే ఆపెయ్యకూడదు. వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి కింది కండ చదునైనట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి. నరాల పరీక్ష అవసరమవుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే మీకు షుగర్ ఉందని ముందే చెప్పండి, కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.

కుట్టేటప్పుడు 20 నిమిషాలకోసారి చేతికి విశ్రాంతి ఇవ్వండి. పొరలు రెండో మూడో చాలు. సూది లాగడానికి చిన్న రబ్బరు ముక్క వాడితే వేళ్ల మీద భారం తగ్గుతుంది. అంచులు మిషన్ మీద దర్జీతో వేయించండి. అందువల్ల అది మీ చేతి బొంత కాకుండా పోదు. షుగర్ ఉంది కాబట్టి సూది గుచ్చుకుంటే చిన్నదే కదా అని వదిలెయ్యకుండా సబ్బుతో కడగండి.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సినవి ఉన్నాయి. గుండీలు, అద్దాలు వద్దమ్మా. ఏడాది పిల్లాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. ఊడిన గుండీ గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుంది. మూడేళ్లు నిండేదాకా ఊడివచ్చే చిన్న వస్తువేదీ వాడి దగ్గర ఉండకూడదు. పువ్వులైనా, పేరైనా దారంతోనే కుట్టండి.

చీరలు దాచిన చోట కలరా ఉండలు వేసే ఉంటారు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కూడా. అందుకే కుట్టకముందే చీరలు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి, ఎండకు ఆరేయండి. ఏడాది నిండేలోపు నిద్రలో వాడి మీద బొంత కప్పొద్దు. అప్పటిదాకా నేల మీద పరిచి ఆడించండి. కుట్టడానికి కూర్చునేటప్పుడు సూదులెన్నో లెక్కపెట్టుకోండి, లేచేటప్పుడు మళ్లీ లెక్క చూడండి. ఒక్కటి తగ్గినా, అది దొరికేదాకా బొంత పిల్లాడి దగ్గరికి చేర్చకండి.