చిట్టీ, ఆ రంపం పక్కన పెట్టు

చిట్టీ,

మొన్నటి ఫ్రీజ్‌కి, అదే గడ్డకట్టే చలికి, నీ పెరడంతా నల్లబడిపోయిందని, ఈ శనివారం నువ్వూ మీ ఆయనా కలిసి అన్నీ మొదలంటా నరికేసి, కరివేపాకు పీకేసి, కొత్త మొక్కలు తెచ్చి పెట్టబోతున్నారని మీ అమ్మ రాజమండ్రి నుంచి ఫోన్ చేసి చెప్పింది. టెక్సస్‌లో ఆ రౌండ్ రాక్‌లో ఇల్లు కొన్న మొదటి ఏడాదే అరటి, మునగ, జామ, మల్లె, సత్సుమా కమలా, అన్నీ పెట్టావంటే కడియం నర్సరీల పక్కన పెరిగిన పిల్లవని అడక్కుండానే తెలుస్తుంది. గర్వంగానే ఉంది నాకు. కానీ రంపం అనగానే గుండె గుభేలుమంది. గోదావరి పక్కన చలికాలమంటే శాలువా కప్పుకోవడమే కదా, గడ్డకట్టిన మొక్కకి ఏం చెయ్యాలో మనకి ఎవరూ నేర్పలేదు.

మొక్కల కంటే ముందు ఇంకో సంగతి. వచ్చే వారం మళ్ళీ చలి అంటున్నారు, కుండీలన్నీ గరాజ్‌లో పెట్టి బొగ్గుల కుంపటి వెలిగిస్తానన్నావట. ఆ పని చెయ్యకు. 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయినప్పుడు ఇక్కడ హూస్టన్‌లో గరాజ్‌లో కారు ఆన్ చేసుకునీ, ఇంట్లో బొగ్గులు రాజేసుకునీ కార్బన్ మోనాక్సైడ్‌కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు, నిద్రలోనే మనిషి పోతాడు. తలుపు కాస్త తెరిచి ఉంచుతాంలే పెద్దమ్మా అంటావని తెలుసు. తెరిచినా వద్దు. కుండీలు లోపల పెట్టి తలుపు మూస్తే చాలు, బయటి కంటే నయంగానే ఉంటాయి. అయినా చస్తే చావనీ, మొక్కలే కదా.

ఇక పెరట్లో ఇప్పుడు చెయ్యాల్సింది చాలా తక్కువ. మెత్తబడి కుళ్ళు వాసన వస్తున్నవి, కలబందలాంటివి, తీసి పారెయ్. అరటి బోదెని పైనుంచి కొంచెం కొంచెంగా కోసుకుంటూ రా, లోపల తెల్లగా గట్టిగా కనపడిన చోట ఆగిపో. మొత్తం మెత్తబడినా కింద దుంప బాగుంటే పిలకలు లేస్తాయి. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యి. ఆకులు లేని మొక్క పెద్దగా నీళ్ళు తాగదు, జాలిపడి రోజూ పోశావంటే చలికి బతికిన వేరు కాస్తా తడికి కుళ్ళిపోతుంది. ఎరువు ఇప్పుడు ముట్టుకోకు. యూరియా వేస్తే లేత చిగురు తోసుకొస్తుంది, మళ్ళీ చలి పడితే ముందు మాడిపోయేది అదే. మీ వైపు మార్చి మధ్య దాకా ఆ భయం ఉంటుంది.

మందారం, జామ, మల్లె, మునగ, వీటిని ఎండిన ఆకులతో సహా అలాగే వదిలెయ్. హెచ్‌ఓఏ వాళ్ళు, అదే మీ కాలనీ ఇళ్ళ సంఘం వాళ్ళు, ఉత్తరం పంపితే పంపనీ. ఆ ఎండాకులే వచ్చే చలికి లోపలి కొమ్మలకి దుప్పటి. పైన పాత బెడ్‌షీట్లు నేల దాకా కప్పు, ప్లాస్టిక్ కవరైతే ఆకుకి తగలనివ్వకు, పొద్దున ఎండ రాగానే తీసెయ్.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీ పెదనాన్న నిర్వాకం వల్ల. ఇది చదివి ఆయన అలిగితే అలగనీ. 2021లో హూస్టన్ ఎయిర్‌పోర్టు దగ్గర 13 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 11కి పడిపోయింది. వారం తిరక్కుండానే 70 ఫారన్‌హీట్ దాటి ఎండ కాసింది. ఎండ చూడగానే ఈయనకి చేతులు ఊరుకోలేదు. చచ్చిన చెట్టు ఇంటి ముందు ఉండకూడదని ఒకటే గొడవ. నాకు ఒంట్లో బాగోక పడుకుని, లేచి చూసేసరికి కరివేపాకు చెట్టు వేళ్ళతో సహా లేదు. చెత్త సంచీలోంచి తీసి చూస్తే వేళ్ళు తెల్లగా, గట్టిగా, పచ్చి వాసనతో ఉన్నాయి. పైన పోయింది కానీ కింద బతికే ఉందన్నమాట. సత్సుమాని జానెడు మొదలు ఉంచి కోసేశారు. ఏప్రిల్లో ఆ మొదలు చిగురేసింది, ఇక ఆయన సంబరం చూడాలి, వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఫొటోలు. ఎరువు, నీళ్ళు, పక్కన కుర్చీ వేసుకుని కాపలా. నాకేమో ఆ ఆకు మీద అనుమానం. ఒక్కో ఆకుకి మూడు రెక్కలు, కొమ్మనిండా ముళ్ళు. అది సత్సుమా కాదు, అంటు కట్టడానికి కింద వాడిన అడవి నారింజ. అంటు పైభాగం ఆయన రంపంతోనే పోయింది. కొన్నేళ్ళకి నూగుతో పసుపుపచ్చని చిన్న కాయలు కాసింది, లోపలంతా గింజలే, ఒకటే చేదు. వాటితో ఊరగాయ కూడా పెట్టించారు నా చేత. ఎవరూ తినలేదు. పక్కింటివాళ్ళదీ అదే నర్సరీలో కొన్న చెట్టే, వాళ్ళు ఆ నెలల్లో ఇండియాలో ఉన్నారు, వాళ్ళు చేసిన తోటపని అంతే. మే నెలలో అంటు పైనుంచే పచ్చబడింది. ఈయన మాత్రం ఇప్పటికీ నర్సరీవాడే మోసం చేశాడంటారు.

కాబట్టి ఏప్రిల్ దాకా ఆగి, కొమ్మ చివర్నుంచి గోటితో బెరడు గీరుకుంటూ కిందికి రా. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు, ఆకుపచ్చ కనపడితే అక్కడిదాకా బతికుంది, దాని పైదే కోసెయ్. సత్సుమాకి ఇంకా ఓపిక కావాలి, చిగురేసిన కొమ్మ కూడా ఒక్కోసారి మళ్ళీ ఎండుతుంది, ఎండాకాలం వచ్చాకే కత్తెర పట్టు. ఆకులు రాలి దాని మొదలుకి ఎండ కొడుతుంటే గోడలకి వేసే తెల్ల లేటెక్స్ పెయింట్‌లో సగం నీళ్ళు కలిపి పూయి, లేకపోతే బెరడు పగులుతుంది. అంటు కిందనుంచి ఏది వచ్చినా తుంచెయ్.

మల్లె కోసం ఏడ్చావట. పిచ్చిదానా, మల్లె నేలమట్టమైనా మొదట్లోంచి చాలాసార్లు తిరిగొస్తుంది. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు నాశనమైనప్పుడు నువ్వింకా పుట్టలేదు. చుట్టూ అందరూ చెట్లు కొట్టిస్తుంటే మీ తాతయ్య మాత్రం నిలబడి ఉన్న చెట్లలో మొవ్వు కదులుతుందేమో చూసి గానీ గొడ్డలి పెట్టనన్నాడు. రోజూ పొద్దున్నే తలెత్తి చూసుకుంటూ తిరిగేవాడు, మెడనొప్పని మీ అమ్మమ్మ చేత ఆముదం రాయించుకునేవాడు. మొవ్వు విరిగినవి ఎలాగూ పోయాయి. కొన్ని నిలబడ్డాయి.

కరివేపాకు తొందరగా రాదు, మే జూన్ దాకా చూడు. నేలలోది మొదలు పక్కనుంచి పిలక వేస్తుంది, కుండీలోదైతే వేరుకి కూడా చలి తగులుతుంది కాబట్టి అంత ఆశ పెట్టుకోకు. అంతగా పోతే నా దగ్గరి మొక్క ఇస్తాననుకుంటున్నావేమో, ఇవ్వను. మా వైపు సిట్రస్ గ్రీనింగ్ అని నిమ్మజాతి చెట్లకొచ్చే తెగులుందని క్వారంటైన్ పెట్టారు, అలాంటి మొక్కలు ఇక్కణ్ణుంచి బయటికి తీసుకెళ్ళకూడదు. ఆ తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, కారులో వేసుకుని మీ ఊరు తీసుకెళ్ళకూడదు. మీ దగ్గరి నర్సరీలోనే అడుగు. అప్పటిదాకా చారులోకి ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్ కొనుక్కో.

మీ పెద్దమ్మ