మంచి గూళ్లు ఏరి మనమే గుడ్లు పెట్టిస్తే పట్టు దారం సన్నబడుతుందా?

మీ పంటలో గట్టిగా, తెల్లగా ఉన్న బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలొచ్చే జాతి) గూళ్లు పక్కన పెట్టి, వాటిలోంచి వచ్చే రెక్కల పురుగులతోనే, అంటే చిలుకలతోనే గుడ్లు పెట్టిస్తూ పోతే ఏటికేడు దారం నాణ్యత పెరుగుతుందా అని అడిగారు. హిందూపురం దగ్గర చాలా ఏళ్లుగా పట్టు పురుగులు మేపుతున్నాను, కొంతకాలం విత్తన గూళ్లు (గుడ్లు పెట్టించడానికి వాడేవి) కూడా పండించాను. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

చాకీ సెంటర్ (చిన్న పురుగులను పెంచి రైతులకిచ్చే చోటు) నుంచి మనం తెచ్చుకునేవి సంకరజాతి పురుగులు. ఎఫ్‌సి1, ఎఫ్‌సి2 అనే రెండు సంకరాలను కలిపిన డబుల్ హైబ్రిడ్‌నే ఉదాహరణకు తీసుకోండి, అందులో నాలుగు శుద్ధ జాతులున్నాయి. వాటి పిల్లల్లో ఆ పోలిక నిలవదు, గూళ్లు తలో రకంగా వస్తాయి. గూళ్ల నుంచి దారం తీసే రీలర్‌కి కావాల్సింది అన్నీ ఒకే తీరుగా ఉండటం. అంతకంటే పెద్ద టెన్షన్ పెబ్రిన్ అనే పట్టు పురుగుల రోగం. ఈ రోగం తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. అందుకే గ్రైనేజ్‌లో (గుడ్లు తయారుచేసే కేంద్రంలో) గుడ్లు పెట్టిన ఆడ చిలుకను నూరి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ నాటి పద్ధతి అది, ఇప్పటికీ దానికి తిరుగులేదు.

జాతిని బాగుచేసే పని దగ్గరుండి చూస్తే అందులో ఎంత ఓపిక ఉందో తెలుస్తుంది. గూడు కొనను బ్లేడుతో కోసి ప్యూపాను (లోపలున్న, ఇంకా చిలుక కాని పురుగును) బయటికి తీస్తారు. పొట్టవైపు ఎనిమిదో కణుపు మీద ఇంటూ గుర్తులాంటి గీత ఉంటే ఆడది, తొమ్మిదో కణుపు మీద చిన్న చుక్క ఉంటే మగది. ఖాళీ గూటిని విడిగా తూచి మొత్తం బరువులో పట్టు ఎంతో లెక్కగడతారు. దారం పొడవు, డెనియర్ (దారం ఎంత సన్నమో చెప్పే కొలత) చూడాలంటే మాత్రం గూడు ఉడకబెట్టాలి, ప్యూపా చచ్చిపోతుంది. కాబట్టి ఒక తల్లి పిల్లల్లో కొన్ని గూళ్లు తీసి పరీక్షించి, దారం బాగుంటే వాటి తోబుట్టువులను జతకు వాడతారు. కంటికి గట్టిగా కనిపించిన గూడు ఏరుకోవడంతో ఇది అయ్యేది కాదు.

పైగా సన్నదనం ఒక్కటే నాణ్యత కాదు. ప్యూర్ మైసూర్ అనే నాటు జాతి దారం సన్నమే, కానీ గూటికి సుమారు 400 మీటర్లే వస్తుంది. మంచి బైవోల్టిన్ గూడు 1000 మీటర్లు దాటుతుంది.

మన చేతిలో ఉన్నదల్లా మేత, చంద్రిక (పురుగులు గూడు కట్టుకునే తట్ట). వి1 రకం మల్బరీ ఆకు తాజాగా వేయండి, చివరి దశలో అస్సలు తగ్గించకండి. పురుగులు చంద్రికల మీదకి ఎక్కాక చలి అని కిటికీలు మూసేస్తారు చాలామంది, నాకు అది చూస్తే బాధేస్తుంది. గూడు కట్టేముందు ప్రతి పురుగూ మూత్రం పోస్తుంది, గదిలో తేమ పెరిగిపోతుంది. కింద పేపర్లు పరిచి తడిసినవి తీసేయండి, గాలి ఆడనివ్వండి. తేమ 70 శాతం దాటితే గూటి బంక సరిగా కరగదు, రీలింగ్‌లో దారం మాటిమాటికీ తెగుతుంది. చదరపు అడుగుకు 50 పురుగులు మించితే రెండు పురుగులు కలిసి కట్టే జంట గూళ్లు ఎక్కువవుతాయి. పురుగులు ఎక్కిన ఆరో రోజు లోపు చంద్రికల నుంచి గూళ్లు తీయకండి, లోపల ప్యూపా నలిగి మరక పడుతుంది.

జాతుల మీద అంత ఇష్టముంటే విత్తన గూళ్ల రైతుగా చేరండి. మీ పట్టు పరిశ్రమ శాఖ ఆఫీసులో అడిగితే శుద్ధ జాతి గుడ్లు ఎలా ఇస్తారో, గ్రైనేజ్ గూళ్లు ఎలా కొంటుందో చెబుతారు.